ఏ సొరుగులో మనవాళ్లు

మదురై దగ్గర వాడిపట్టి బజారులో ఒక ఇనప సామాన్ల అంగడికి మోటారు వాషర్ల కోసం పోయాను. అంగడాయన వెనక్కి తిరగకుండానే చెయ్యి చాచి ఒక సన్నటి సొరుగు లాగాడు. చెక్క మీద చెక్క జారిన చప్పుడుకు తల ఎత్తాను. ఇత్తడి పిడి, దాని మీద చీటీ దూర్చే చట్రం, సొరుగు ముందు పలకలో కింద చిన్న బొక్క. ఆ బొక్కలోనుంచి ఒకప్పుడు కమ్మీ పోయేది. ఇప్పుడు చట్రంలో "5/8 వాషర్" అని తమిళంలో రాసిన చీటీ ఉంది.

"ఇది యాడిదన్నా?" అని అడిగాను.

"మదురైలో పాత సామాన్ల ఏలంలో పట్టుకొచ్చినా. మందుల షాపుదనుకుంటా" అన్నాడు.

మందుల షాపుది కాదు. అది లైబ్రరీలో కార్డుల బీరువా. మా చిన్నప్పటి నూలగంలో, అంటే ఊరి లైబ్రరీలో, ఉన్నది ఇదేనని మాత్రం చెప్పలేను. ఆ కాలపు బీరువాలన్నీ ఒకే కొలతవి, ఎందుకంటే కార్డు కొలత ఒకటే: ఏడున్నర సెంటీమీటర్ల ఎత్తు, పన్నెండున్నర వెడల్పు. విప్లవకాలంలో, 1791లో, ఫ్రాన్సు ప్రభుత్వం స్వాధీనమైన మఠాల పుస్తకాలకు పట్టిక రాయించాలనుకుని, కాగితం కరువై, పేకముక్కల వెనక రాయించింది. అట్టముక్కల మీద పుస్తకాల లెక్క అనే ఆలోచన అక్కడినుంచి నడిచి నడిచి మా వాడిపట్టి దాకా వచ్చింది. అమెరికాలో ఈ కార్డులు అచ్చేసి లైబ్రరీలకు అమ్మే ఓసీఎల్‌సీ అనే సంస్థ 2015 అక్టోబరు 1న ఆఖరి కార్డులు అచ్చు వేసి ఆ పని ముగించింది. మా పక్కన అంతకు చాలా ముందే సొరుగులు ఖాళీ అయ్యాయి. ఎప్పుడు అయ్యాయో ఎవరూ గమనించలేదు.

*

మా నూలగం అప్పట్లో ఒక అద్దె మిద్దెలో ఉండేది. ముందు గదిలో పొడుగాటి బల్ల, దాని మీద పేపర్లు. తమిళ దేశంలో ఇంటింటా తెలిసిన దినత్తంతి 1942లో మదురైలోనే మొదలైంది కాబట్టి మా వాళ్లకు అది సొంత పేపరు. చదువు కొంచెం వచ్చినవాళ్లు కూడబలుక్కుంటూ పైకి చదివేవాళ్లు, రానివాళ్లు పక్కన కూర్చుని వినేవాళ్లు. గోడ మీద "అమైది కాక్కవుం" అని, నిశ్శబ్దంగా ఉండమని, పెద్దక్షరాల బోర్డు. దాని కిందే నలుగురు కూర్చుని వరి ధర గురించి వాదించుకునేవాళ్లు. లైబ్రేరియన్ సార్ ఏమీ అనేవాడు కాదు. గొంతులు మరీ లేస్తే స్టాంపు తీసి బల్ల మీద ఠప్పుమని కొట్టేవాడు. అదే ఆయన హెచ్చరిక.

లోపలి గదిలో పుస్తకాలు. ఆ రెండు గదుల మధ్య, ద్వారానికి ఆనుకుని, సొరుగుల బీరువా.

మదురైనుంచి కొత్త పుస్తకాల కట్ట వచ్చిన రోజు నాకు పండగ. సార్ పురికొస తెంపకుండా ముడి విప్పి చుట్టి డ్రాయరులో దాచేవాడు. ఒక్కొక్క పుస్తకానికీ పెద్ద రిజిస్టరులో వరస నంబరు పడేది. తర్వాత ఊదారంగు స్టాంపు, పేరున్న పేజీ మీద ఒకటి, లోపల ఎక్కడో ఒక పేజీ మీద ఇంకొకటి. ఆ లోపలి పేజీ ఏదన్నది రహస్యం. దొంగ మొదటి పేజీ చింపేసినా పుస్తకం ఎవరిదో అది చెబుతుంది. ఆ పేజీ నంబరు నాకు తెలుసు, ఇప్పటికీ చెప్పను. మైదా జిగురుతో వెనక అట్ట లోపల తేదీ చీటీ, దాని పక్కన చిన్న సంచీ. సభ్యుడికి ఇచ్చిన టికెట్టు కూడా సంచీలాంటిదే. పుస్తకం కార్డు తీసి సభ్యుడి టికెట్టులో దూర్చి ట్రేలో నిలబెడితే పుస్తకం బయటికి పోయినట్టు. తిరిగొస్తే కార్డు పుస్తకంలోకి, టికెట్టు మనిషి చేతిలోకి. రాత ఏమీ లేదు. బ్రౌన్ అనే ఆవిడ కనిపెట్టిన పద్ధతట.

ఇదంతా చేతిపని. అసలు పని దాని తర్వాత మొదలయ్యేది. సార్ కుర్చీ వెనక్కి జరిపి, పుస్తకం ముందుమాట చదివి, విషయసూచిక చదివి, మధ్యలో రెండు మూడు చోట్ల తెరిచి చూసి, పెన్సిలు చెవి మీద పెట్టుకుని కాసేపు ఊరకే కూర్చునేవాడు. పుస్తకం దేని గురించో తేల్చడమే అది. "పేరు చూసి మోసపోకూడదు తంబీ. పేరు రచయిత పెడతాడు, చోటు మనం పెట్టాలి" అనేవాడు తమిళంలో.

చోటు పెట్టడం తేలిక అనుకునేవాడిని, జల్లికట్టు పుస్తకం వచ్చేదాకా. అలంగానల్లూరు మాకు కూతవేటు దూరం. సంక్రాంతికి అక్కడ జల్లికట్టు చూడనివాడు మా వైపు మగపిల్లవాడే కాదు. ఆ పుస్తకాన్ని సార్ ముందు 636.2లో పెట్టాలనుకున్నాడు. అది పశువుల పెంపకం. ఎద్దుల జాతుల గురించి అందులో సగం ఉంది. తర్వాత 791.8 అన్నాడు. సర్కసు, ఎద్దుల పోటీల వంటి వేడుకల చోటు. చివరికి 394, అంటే ఆచారాలు, పండగలు. పేపరు చదవడానికి వచ్చిన పెద్దాయన ఒకరు ఇదంతా విని, "ఎద్దు నాది, పండగ స్వామిది, ఆట పిల్లకాయలది. ఏడనైనా పెట్టు సార్, పశువైద్యంలో మాత్రం పెట్టబాక" అన్నాడు. పుస్తకం 394కు పోయింది. మిగతా రెండు చోట్లా కార్డులు మాత్రం దూరాయి, "ఇదీ చూడండి" అంటూ.

ఆ కార్డుల రాత గురించి ఒక మాట చెప్పాలి. ఏటవాలు లేకుండా, గుండ్రంగా, అక్షరానికి అక్షరం అంటకుండా ఉండేది. లైబ్రరీల కోసమే ఒక రాత ఉండేదనీ, 19వ శతాబ్దం చివర అమెరికాలో దాన్ని బళ్లలో నేర్పేవారనీ చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. సార్‌కు ఎవరు నేర్పారో తెలియదు. తమిళ అక్షరాలకు కూడా ఆయన అదే గుండ్రతనం తెచ్చాడు. సొరుగు లాగి వేళ్లతో కార్డులు తిప్పుతుంటే టపటపా చప్పుడు, మధ్యలో పసుపు రంగు గైడు కార్డు తగిలితే ఆగడం. ఒకటి కోసం వెతుకుతుంటే దాని ముందుదీ వెనకదీ కంట పడేవి. కొబ్బరి సాగు కోసం 634.61 దగ్గరికి పోయి, పక్కన మామిడి, జామ చదువుకుని వచ్చిన రైతులు మా ఊళ్లో ఉన్నారు. కమ్మీ ఉండబట్టి కార్డు ఊడి రాదు. కావాలంటే అక్కడే నిలబడి చదువుకోవాలి, వెనకవాడు ఆగాలి. ఆగినవాడు మన భుజం మీదుగా చూసేవాడు, సలహా కూడా ఇచ్చేవాడు.

*

ఇంటికి వస్తే వేరే లోకం. మా ఇంట్లో మాట తెలుగు, రాత తమిళం. 16వ శతాబ్దంలో విశ్వనాథ నాయకుడు మదురై పాలనకు వచ్చిన కాలంలోనూ, అంతకు ముందూ వెనకా, గుంపులు గుంపులుగా దక్షిణానికి వచ్చినవాళ్ల సంతానం మేము. కోయంబత్తూరు వైపు, కోవిల్‌పట్టి నల్లరేగడి వైపు, ఇటు సిరుమలై కొండ కింద, ఎక్కడ చూసినా ఇదే కథ. ఇంట్లో "ఏమప్పా, తిన్నావా" అంటాం. పలక మీద మాత్రం అకారం తమిళ అకారం.

తాత దగ్గర ఒక పెట్టె ఉండేది. వేప చెక్క, ఇనప పట్టీలు. అందులో మూడు అరలు. పై అరలో పొలం పత్రాలు, కిస్తు రసీదులు, అవి తాత చేతికి తప్ప ఎవరి చేతికీ అందవు. మధ్య అరలో పంచాంగాలు, జాతకాల చుట్టలు, పశువులకు రోగం వస్తే చూసుకునే చేతిరాత చిట్కాల నోటు, పెండ్లిళ్లలో ఎవరు ఎంత చదివించారో రాసిన పుస్తకాలు. అంటే పనికొచ్చేవన్నమాట. కింది అరలో, ఎర్రగుడ్డలో, ఎవరూ చదవలేనివి: కొన్ని తాటాకుల కట్టలు, మద్రాసు వావిళ్ల వారి అచ్చు తెలుగు భారతం ఒకటి, అట్టలు ఊడిన శతకాలు. కట్టల మధ్య వస కొమ్ములు వేసి ఉంచేవాళ్లు. తంజావూరు సరస్వతీ మహల్లో కూడా పురుగు పట్టకుండా వసపొడి వాడేవాళ్లని తర్వాత చదివాను. సరస్వతీ పూజనాడు ఎర్రగుడ్డ విప్పి, పసుపు కుంకుమ పెట్టి, మళ్లీ కట్టేసేవాళ్లు. తెలుగు లిపి మా ఇంట్లో దేవుడి గది సామాను.

తాత వర్గీకరణ ఇది: ఎవరు ముట్టవచ్చు, ఎప్పుడు తెరవాలి. విషయం ఏమిటన్నది దానికి అక్కర లేదు. నవ్వుకోనక్కర లేదు, తెలుగువాళ్లు ఇలాంటి పంచుడు పెద్ద ఎత్తున చేశారు. తాళ్లపాకవారు అన్నమయ్య సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించినప్పుడు ఆధ్యాత్మం, శృంగారం అని రెండు కుప్పలు చేసి తిరుమల భాండాగారంలో పెట్టారు. వేల పాటలకు రెండే సొరుగులు! ఈ పాట ఏ కుప్పది అని వాళ్లలో వాళ్లు ఎన్నిసార్లు వాదించుకుని ఉంటారో. రేకుల మీద ఆ వాదనలు లేవు, తీర్పులే ఉన్నాయి.

అవ్వకు పెట్టెతో పని లేదు. ఆమె దగ్గర ఉన్నవన్నీ పాటలూ కథలూ. మా దేవత జక్కమ్మ పాట మొక్కు నాడే, నలుగు పాట పెండ్లి నాడే, కానుగ చెట్టు కథ వాన పడే రాత్రి. ఆ కథ మీకూ తెలిసి ఉంటుంది. తుర్కరాజు మన పిల్లను అడిగాడు, ఇవ్వలేక రాత్రికి రాత్రి ఊరు విడిచారు, ఏరు అడ్డమైంది, ఒడ్డున ఉన్న కానుగ చెట్లు వంగి వంతెన అయ్యాయి. థర్స్టన్ దొర 1909లో అచ్చయిన ఏడు సంపుటాల కులాల పుస్తకంలో కూడా ఈ కథ రాసుకున్నాడు. అందులో కులాలన్నీ ఇంగ్లీషు అక్షరక్రమంలో ఉంటాయి కనక కంబళంవాళ్లమైన మేము, తొట్టియన్ అనే పేరు కింద, ఆఖరి సంపుటంలో పడ్డాం. అక్షరక్రమానికి పక్షపాతం లేదంటారు. కొమర్రాజు లక్ష్మణరావుగారి ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం కూడా అక్షరక్రమంలోనే మొదలై తొలి అక్షరాల దగ్గరే ఆగిపోయింది. ఆయన ఇంకో ఇరవై ఏళ్లు బతికి ఉంటే మనకు "మ" లో మదురై వచ్చేది. విషయక్రమంలో రాసి ఉంటే కనీసం ఒక శాస్త్రమైనా పూర్తిగా దక్కేదేమో అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

*

హైస్కూలుకు వచ్చాక సార్ నాకు సొరుగుల లోపలి లెక్క చెప్పాడు. మెల్విల్ డ్యూయీ అనే అమెరికా మనిషి 1876లో లోకంలోని చదువంతటినీ పది భాగాలు చేశాడు. ఒక్కో భాగం మళ్లీ పది, అందులో మళ్లీ పది, అక్కడ చుక్క, చుక్క తర్వాత ఎంత లోతుకైనా పోవచ్చు. 100 తత్త్వం, 200 మతం, 300 సమాజం, అలా 900 చరిత్ర దాకా. నేను 200 సొరుగు లాగి చూశాను. 220 బైబిలు. 230 నుంచి 280 దాకా క్రైస్తవం. మిగతా లోకం మతాలన్నిటికీ కలిపి 290. హిందూమతం 294.5, ఇస్లాం 297.

మా ఊళ్లో ఆరోగ్య మాత గుడి ఉంది. జాతరకు అన్ని కులాలవాళ్లూ పోతారు, మా అవ్వ కూడా కొవ్వొత్తి వెలిగించి వచ్చేది. కానీ ఊళ్లో పది వీధులకు ఏడు ఒక స్వామికీ, మిగతా దేవుళ్లందరికీ ఒకే ఇరుకు సందూ ఎవరూ ఇవ్వలేదు. సార్‌ను అడిగితే నవ్వాడు. "ఆయన ఊళ్లో ఉన్న పుస్తకాలకు ఆయన చోటు పెట్టుకున్నాడు. మన పుస్తకాలు చుక్క తర్వాత సర్దుకుంటున్నాయి" అన్నాడు.

సాహిత్యం 800. అమెరికావాళ్లది 810, ఇంగ్లీషు 820, జర్మన్, ఫ్రెంచి, ఇటలీ, స్పెయిన్, లాటిన్, గ్రీకు అయిపోయాక 890, మిగతావి. అందులో 894. తమిళం 894.811, మలయాళం 894.812, కన్నడం 894.814. తెలుగు? 894.827. మూడు దక్షిణాది భాషలు ఒక వీధిలో ఆనుకుని ఉంటే మనది పక్క వీధి. ఇంకా చూస్తే ఆ 894లోనే తుర్కీ, హంగేరీ, ఫిన్లండ్ భాషలు కూడా మన ఇరుగుపొరుగు. తమిళ, తెలుగు భాషలకు ఉత్తర ఆసియా భాషలతో చుట్టరికం ఉందని 1856లో కాల్డ్వెల్ తిరునెల్వేలి పక్కన కూర్చుని ఊహించాడు. ఆ ఊహను తర్వాతివాళ్లు పక్కన పెట్టారు. అంకెలు మాత్రం పక్కకు జరగలేదు. ఒకసారి వీపు మీద రాసిన నంబరు మార్చాలంటే ఎన్ని లైబ్రరీల్లో ఎన్ని పుస్తకాలు గీకి మళ్లీ రాయాలి!

అసలు తెలుగు సంస్కృతానికి బిడ్డ కాదు, తమిళ కన్నడాలతో కలిసి పుట్టిందని అచ్చులో మొదట నిరూపించినవాడు ఎల్లిస్. మద్రాసు కలెక్టరు. 1816లో క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి ముందుమాటగా ఆ మాట రాశాడు. మూడేళ్లకు, 1819లో, మా పక్కనే రామనాథపురంలో చచ్చిపోయాడు. అచ్చు కాని ఆయన కాగితాలు మదురైలో ఒక దొర ఇంటి వంటవాడి చేతికి చిక్కి, నెలల తరబడి పొయ్యి రాజెయ్యడానికీ కోడి ఈకలు కాల్చడానికీ పనికొచ్చాయని ఒక కథ చెబుతారు. సార్ ఈ కథ చెప్పి, "వాడికి కూడా ఒక వర్గీకరణ ఉంది చూడు, తడి కాగితం, పొడి కాగితం" అన్నాడు. అంత కోపంగా సార్ నవ్వడం నేను మళ్లీ చూడలేదు.

*

సార్‌కు దేవుడు రంగనాథన్. శీర్కాళిలో 1892లో పుట్టిన లెక్కల మాస్టారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్ అయ్యాడు. ఖాళీ గదుల్లో కూర్చోలేక, కొద్ది రోజుల్లోనే మళ్లీ లెక్కలు చెప్పుకుంటానని మొరపెట్టుకున్నాడు. ముందు లండన్ పోయి చూసి రా, తర్వాత మాట్లాడదాం అన్నారు. పోయాడు. అక్కడ సెల్ఫ్రిడ్జెస్ అంగడిలో మెకానో బొమ్మల సెట్టు చూశాడు. అవే రేకులు, అవే మరలు, కావలసినట్టు బిగిస్తే బండి, విప్పి బిగిస్తే క్రేను. పుస్తకానికి ముందే కట్టిన గది వెతకడం ఎందుకు, ముక్కలు బిగించి చోటు తయారుచేసుకుందాం అనుకున్నాడు. 1933లో కోలన్ పద్ధతి అచ్చయింది. పుస్తకంలో ప్రధాన విషయం ఏది, దాని పదార్థం ఏది, క్రియ ఏది, ఏ దేశం, ఏ కాలం? ఒక్కొక్క దానికి ఒక గుర్తు, మధ్యలో విరామ చిహ్నాలు. సాహిత్యమైతే ముందు ఓ అక్షరం, తర్వాత భాషకు అంకె, నాటకానికి 2, ఆ పైన కవి పుట్టిన సంవత్సరం. 1800లకు ఎమ్ కనక 1862లో పుట్టిన గురజాడ ఎమ్62. దాంట్లో ఏ భాషా చుక్క తర్వాత చుక్కలో నలగదు.

మా సార్ ఈ పద్ధతిని నోటు పుస్తకంలో తమాషాకు ఆడుకునేవాడు, అరల మీద వాడింది డ్యూయీనే. "అంత పొడుగు నంబరు వీపు మీద పట్టదు" అనేవాడు. గురువు మీద భక్తికీ ఒక హద్దు ఉంది.

కానీ రంగనాథన్ గొప్పతనం నంబర్లలో కంటే, లైబ్రరీ ఎవరికోసమో చెప్పే ఆయన ఐదు సూత్రాల్లో ఉందని నా నమ్మకం. 1931లో రాశాడు. అదే ఏడు మన్నార్గుడి పక్క మేలవాసల్లో ఎడ్లబండి మీద పుస్తకాలు ఊళ్లకు పంపారు. నాలుగేళ్లకు గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణంగారు కాలువల మీద పడవలో గ్రంథాలయం నడిపారు. అరవదేశంలో ఎడ్లు, ఆంధ్రదేశంలో పడవ. 1948లో మద్రాసు రాష్ట్రం గ్రంథాలయాల చట్టం చేసింది, స్వతంత్ర భారతంలో అదే మొదటిది, వెనక ఉన్నది రంగనాథనే. మా అద్దె మిద్దె, ఆ సొరుగులు, సార్ జీతం, అన్నీ ఆ చట్టం వేసిన సెస్సు పుణ్యం.

*

ఇప్పుడు చెప్పవలసింది గోపల్ల గ్రామం గొడవ.

కి. రాజనారాయణన్ రాసిన ఆ నవల 1976లో వచ్చింది. మా నూలగానికి ఎప్పుడు చేరిందో గాని, అట్ట మెత్తబడేంతమంది చదివారు. కి.రా. కోవిల్‌పట్టి పక్క ఇడైసెవల్‌లో పుట్టిన కమ్మ రైతుబిడ్డ. ఇంట్లో తెలుగు, రాసింది తమిళం, అదీ కరిసల్ నేల, అంటే నల్లరేగడి, యాసలో. ఆ యాసకు ఆయన నిఘంటువు కూడా కూర్చాడు. నవల్లో ఉన్నది మా అవ్వ చెప్పిన కథే. పిల్ల కోసం పారిపోవడం, ఏరు దాటడం, అడవి కొట్టి ఊరు కట్టుకోవడం. నేను రాత్రిళ్లు తమిళంలో చదువుతుంటే అవ్వ తెలుగులో దిద్దేది. "అట్లా కాదురా, ఆ పిల్ల ముందు నడిచింది" అనేది.

తాత విని విని ఒకరోజు నాతో నూలగానికి వచ్చాడు. ఎప్పుడూ పేపరు గది దాటి లోపలికి రాని మనిషి. అరల ముందు నిలబడి, "ఈ పుస్తకం యాడ పెట్టిండారు సార్?" అన్నాడు తమిళంలో. సార్ చూపించాడు. తమిళ నవలల వరస.

"ఇది మా కత."

"కథ మీదే నాయక్కరయ్యా. రాసింది తమిళం. రాసిన భాష ఏదో అక్కడే పెట్టాలి, అది పద్ధతి."

"మరి మావాళ్ల సొరుగు ఏది?"

సార్ లేచి తెలుగు గైడు కార్డు చూపించాడు. దాని వెనక కార్డు ఒక్కటీ లేదు. తెలుగు చదవగలిగినవాళ్లు ఊళ్లో లేనప్పుడు తెలుగు పుస్తకాలు ఎవరు తెప్పిస్తారు? తాతకూ ఆ సంగతి తెలుసు. కోపగించుకోలేదు. ఖాళీ గైడు కార్డును బొటనవేలితో ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి వంచి చూశాడు.

నిజానికి ఆ గైడు కార్డు వెనక మదురై పేరుతోనే ఎన్నో పుస్తకాలు ఉండవలసింది. తిరుమల నాయకుడి తర్వాతి తరాల్లో, 18వ శతాబ్దం మొదట్లో, విజయరంగ చొక్కనాథుడు మదురై రాజ్యం ఏలుతూ తెలుగులో వచనం రాశాడు, శ్రీరంగ మాహాత్మ్యం, మాఘ మాహాత్మ్యం. ఆయన ఆశ్రయంలోని సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు జైమిని భారతం వచనంగా రాశాడు, అహల్యా సంక్రందనం పద్యంగా రాశాడు. శేషము వేంకటపతి తారాశశాంకం రాశాడు. తెలుగులో వచనాన్ని కావ్యంగా పెంచిన నేల ఇది. ఆ పుస్తకాలు చెన్నపట్నంలోనూ తంజావూరులోనూ అరల మీద ఉన్నాయి, విజయవాడలో అచ్చయ్యాయి, పుట్టినచోట లేవు. దీనికి ఎవరినీ తప్పు పట్టలేం. చదివే కళ్లు లేని చోటికి పుస్తకం రాదు.

సార్ ఆ సాయంత్రం ఏం చేశాడంటే, తాత ముందే ఒక తెల్ల కార్డు తీసి గుండ్రటి రాతతో రాశాడు. పైన తెలుగు నంబరు. కింద: "తెలుగువారి వలస కథలకు తమిళ నవలల్లో కి.రా.ను కూడా చూడండి." కమ్మీ తీసి, తెలుగు గైడు కార్డు వెనక దాన్ని గుచ్చి, కమ్మీ మళ్లీ బిగించాడు. నిబంధనల ప్రకారం అలాంటి కార్డు ఉండవచ్చునా అంటే నాకు అనుమానమే. తాత ఆ కార్డు చదివించుకుని, "సరే" అన్నాడు. దారిలో నాతో, "ఒక్కటైనా ఉండాది" అన్నాడు.

1991లో కి.రా. మరో నవల గోపల్లపురత్తు మక్కళ్‌కు సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చినప్పుడు తాత లేడు. పురస్కారం తమిళ విభాగంలోనే, మరెక్కడ వస్తుంది?

*

సొరుగులు ఎందుకు పోయాయో అందరికీ తెలుసు. కంప్యూటర్లు వచ్చాయి, వీపు మీద నంబరు పక్కన గీతల చీటీ వచ్చింది. మదురైలో 2023 జులైలో కలైఞర్ శతాబ్ది గ్రంథాలయం తెరిచారు, అంతస్తుల మీద అంతస్తులు, పిల్లలకు వేరే లోకమంత గది. అక్కడికి పోయిన మా ఊరి పిల్లలు తెర మీద పేరు కొడతారు, అంతస్తు, అర చెబుతుంది, పోయి తీసుకుంటారు. వాళ్లకు ముందు కార్డు, వెనక కార్డు లేవు. కొబ్బరి కోసం పోయి మామిడి చదవడం లేదు. భుజం మీదుగా చూసే మనిషి కూడా లేడు. ఇది నష్టమే. పుస్తకాన్ని ఎక్కడ పెట్టాలన్న వాదన ఒకప్పుడు పేపరు చదివే ముసలాయనకు కూడా వినపడేది. ఇప్పుడది ఎవరి తెర వెనకో జరుగుతోంది, లేదా జరగడం లేదు.

అలాగని సొరుగుల కోసం ఏడవలేను. ఆ సొరుగుల్లో మా భాషకు ఉన్నది ఒకే కార్డు. ఇప్పుడు నా చేతిలో ఫోను ఉంది. మా పెట్టెలోని వావిళ్ల భారతం స్కాను చేసినది ఇంటర్నెట్టులో దొరికింది, అదీ ఊరికే. పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఎంత ఖూనీ అయి ఉందంటే, ఏ లైబ్రేరియన్ చూసినా బల్ల మీద స్టాంపు కొట్టేవాడు. భారతం ఒక సంపుటం "తెలుగు సాహిత్యం" కింద, మరొకటి "ఇతరములు" కింద, ఒకటి ఏ విషయమూ లేకుండా. మూడు రోజులు వెతికితే గాని వరస కుదరలేదు. సార్ ఉంటే అరగంట పని. కానీ ఉంది. లిపి రాని మా చిన్నాయన కొడుకు ఫోను చేత చదివించుకుని పొలంలో వింటున్నాడు. ఐదు వందల ఏళ్లు దేవుడి గదిలో ఉన్న లిపి మళ్లీ చెవికి వచ్చింది.

*

ఈ మధ్య నా మేనకోడలు ఒక పని పెట్టుకుంది. మా వైపు ఊళ్లలో తెలుగిళ్లన్నీ తిరిగి, ఎవరి పెట్టెలో ఏముందో, ఏ అవ్వకు ఏ పాట వచ్చో కంప్యూటరులో పట్టిక రాస్తోంది. డ్యూయీ వద్దంది, రంగనాథన్ వద్దంది, వరసలు మనమే పెట్టుకుందామంది. పెట్టుకున్నాం: పత్రాలు, వైద్యం, జాతకాలు, పాటలు, కథలు, మొక్కులు. మొదటి ఇంట్లోనే చిక్కు వచ్చింది. చదివింపుల పుస్తకం పత్రమా, కథా? అందులో ఎవరు ఎంత ఇచ్చారన్న లెక్కతో పాటు ఎవరు రాలేదన్నది కూడా రాసి ఉంది. పిల్ల దాన్ని కథల్లో రాసింది, నేను ఏమీ అనలేదు.

జక్కమ్మ పాట దగ్గర మాత్రం పెద్దమ్మ ఊరుకోలేదు. మేనకోడలు ఫోనులో రికార్డు చేసి "పాటలు" అని కొట్టబోతుంటే చెయ్యి పట్టుకుంది.

"అది పాట కాదు పాపా, మొక్కు."

"పాడినావు కదమ్మమ్మా, పాటే కదా?"

"పాడితే పాట అయిపోతుందా?"

పిల్ల నా మొహం చూసింది. రెండు చోట్లా రాయమన్నాను. అట్టముక్కలైతే రెండో కార్డు రాయాలి, సొరుగులో చోటు కావాలి, ఇప్పుడు ఆ బాధ లేదు. పిల్ల రెండు చోట్లా గుర్తు పెట్టి పెద్దమ్మకు చూపించింది. పెద్దమ్మ కళ్లద్దాలు పెట్టుకుని తెర దగ్గరికి జరుపుకుని చాలాసేపు చూసింది. ఆమెకు అక్షరాలు రావు, వరస మాత్రం తెలుస్తుంది.

"రెండు చోట్ల ఉంటే ఉండనీ. మొక్కుల్లోది పైకి రానీ" అంది.